రేడియేటర్‌లో బోరు నీరు.. ఇంజిన్‌కు చేటు
పాత పికప్‌ వాహనాల్లో తరచూ తలెత్తే లోపాలు, మరమ్మతు ఖర్చులు

గుమ్మఘట్ట: టమోటా కోసిన రోజు బండి కదలకపోతే పంట చేలోనే మెత్తబడుతుంది. వేరుసెనగ బస్తాలు కళ్లంలో ఉండగా వాన వస్తే కాయ నల్లబడుతుంది. గుమ్మఘట్ట మండలంలో పంటకు, మార్కెట్‌కు మధ్య ఉన్న వంతెన పికప్‌ వాహనమే. ఇక్కడి దిగుబడులు రాయదుర్గం, కళ్యాణదుర్గం మీదుగా అనంతపురం శివారులోని కక్కలపల్లి టమోటా మార్కెట్‌కు, సరిహద్దు దాటి బళ్లారి, చళ్లకెర పట్టణాలకు చేరాలంటే టన్నుంపావు నుంచి టన్నుముప్పావు వరకు మోసే ఈ బండ్లే దిక్కు. మహీంద్రా బొలెరో పికప్‌, టాటా 207, అశోక్‌ లేలాండ్‌ దోస్త్‌ వంటి వాహనాల్లో పదేళ్లు పైబడినవి పల్లెల్లో ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. కొత్తది కొనే స్తోమత లేని రైతులు, సొంతంగా బండి నడుపుకొనే డ్రైవర్లు వాటినే నమ్ముకున్నారు.

పాత బండికి మరమ్మతు తప్పదు. అయితే వేలల్లో తేలాల్సిన ఖర్చు అరలక్ష దాటడానికి చాలా సందర్భాల్లో కారణం ఒక్కటే. తొలి లక్షణాన్ని గుర్తించకపోవడం, గుర్తించినా ‘ఈ కిరాయి అయ్యాక చూద్దాం’ అని వాయిదా వేయడం. కరవు పీఠభూమిలోని వేడి, దుమ్ము, ఉప్పు నీరు, అధిక బరువు అనే నాలుగు కారణాలు బండిని ఎలా దెబ్బతీస్తాయో, ఏ లోపానికి ఎంత ఖర్చవుతుందో తెలుసుకుంటే నష్టాన్ని చాలావరకు తప్పించుకోవచ్చు.

పాతవి రెండు రకాలు

మరమ్మతు ఖర్చును నిర్ణయించేది బండి వయసు కంటే అందులోని ఇంధన వ్యవస్థ. పాత డీఐ ఇంజిన్లలో డీజిల్‌ను యాంత్రిక పంపు సిలిండర్లకు చేరవేస్తుంది. వీటి లోపాలను అనుభవమున్న మెకానిక్‌ శబ్దం విని, పొగ చూసి పసిగట్టగలరు. విడిభాగాలు కూడా చౌక.

ఆ తరువాత వచ్చిన కామన్‌ రైల్‌ ఇంజిన్లలో డీజిల్‌ అత్యధిక ఒత్తిడితో ఒకే గొట్టంలో నిల్వ ఉంటుంది. ఎప్పుడు, ఎంత చిమ్మాలో కంప్యూటర్‌ నిర్ణయిస్తుంది. వీటిలో లోపం తెలియాలంటే స్కానర్‌ కావాలి. ఆ సదుపాయం ఊళ్లోని షెడ్డులో లేనప్పుడు బండిని పట్టణానికి లాక్కెళ్లాల్సిందే. 2020 ఏప్రిల్‌ 1 నుంచి అమల్లోకి వచ్చిన బీఎస్‌-6 ప్రమాణాల వాహనాల్లో పొగను శుద్ధి చేసే పరికరాలు కూడా తోడయ్యాయి. కాబట్టి పాత బండి కొనేవారు ముందుగా అది ఏ రకానిదో తెలుసుకోవాలి.

నీటితోనే మొదటి ముప్పు

అనంతపురం జిల్లాలో లోతైన బోర్ల నీటిలో లవణాలు, ఫ్లోరైడ్‌ ఎక్కువ. ఆ నీరు మరిగిన పాత్ర అడుగున తెల్లటి పొర కట్టడం ప్రతి ఇంట్లో కనిపించేదే. రేడియేటర్‌లోనూ జరిగేది అదే. దారి పక్క బోరు నీటినో, తొట్టి నీటినో పోస్తూ పోతే సన్నటి గొట్టాల్లో, ఇంజిన్‌ హెడ్‌ లోపలి దారుల్లో సున్నపు పొర పేరుకుంటుంది. నీరు నిండుగానే ఉన్నా వేడి బయటికి పోదు. ఏప్రిల్‌, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటినప్పుడు, నిండు బరువుతో ఎత్తు ఎక్కేటప్పుడు ముల్లు ఎరుపు గీతను తాకుతుంది.

వేడెక్కిన ఇంజిన్‌ను అలాగే నడిపితే మొదట హెడ్‌ గాస్కెట్‌ పోతుంది. ఆపై హెడ్‌ వంగుతుంది లేదా పగులుతుంది. చివరికి పిస్టన్‌ పట్టేస్తుంది. రేడియేటర్‌ను విప్పకుండా శుభ్రం చేయించడానికి రూ.500 నుంచి రూ.1,000 సరిపోతుంది. గాస్కెట్‌ మార్చి హెడ్‌ను లేత్‌పై చదును చేయిస్తే కూలితో కలిపి రూ.6,000 నుంచి రూ.10,000 అవుతుంది. పిస్టన్‌ పట్టేస్తే పూర్తి ఇంజిన్‌ పని తప్పదు. దానికి రూ.45,000 నుంచి రూ.80,000 వరకు కావాలి.

పరిష్కారం ఊళ్లోనే ఉంది. బోరు నీటికి బదులు శుద్ధజల కేంద్రం నుంచి తెచ్చిన క్యాను నీటిని, సరైన కూలెంట్‌ను సమపాళ్లలో కలిపి పోస్తే పొర కట్టదు, తుప్పు పట్టదు. ఏడాదికో రెండేళ్లకో ఒకసారి మార్చడానికి రూ.1,500 సరిపోతుంది. రేడియేటర్‌ మూతలోని రబ్బరు, స్ప్రింగు కూడా కీలకం. మూత బిగువుగా ఉంటేనే లోపల ఒత్తిడి నిలుస్తుంది. ఒత్తిడి నిలిస్తే వంద డిగ్రీలు దాటినా నీరు మరగదు. రూ.200 నుంచి రూ.400 మధ్య దొరికే మూత వదులైతే బాగున్న రేడియేటర్‌ కూడా పొంగిపోతుంది.

థర్మోస్టాట్‌ను పీకేస్తే ఇంజిన్‌ చల్లగా ఉంటుందన్నది పల్లెల్లో పాతుకుపోయిన అపోహ. అది లేకపోతే చలికాలం ఉదయం ఇంజిన్‌ తగినంత వేడెక్కదు. డీజిల్‌ ఎక్కువ తాగుతుంది, బోరు త్వరగా అరుగుతుంది. కొన్ని ఇంజిన్లలో నీరు రేడియేటర్‌కు వెళ్లకుండా పక్క దారి పట్టి మరింత వేడెక్కుతుంది కూడా. పాడైతే మార్చాలే తప్ప తీసేయరాదు.

ముల్లు పైకి వెళ్తే ఏం చేయాలి?

బండిని నీడకు చేర్చి, ఇంజిన్‌ను ఒకటి రెండు నిమిషాలు నిదానంగా తిరగనిచ్చి ఆపాలి. ఫ్యాను బెల్టు తెగినా, నీరంతా కారిపోయినా వెంటనే ఆపేయాలి. మూత జోలికి వెళ్లరాదు. లోపలి ఆవిరి చిమ్మి ముఖం, చేతులు కాలిన ఘటనలు కోకొల్లలు. కనీసం అరగంట ఆగి, మూతపై మందపాటి గుడ్డ వేసి మెల్లగా తిప్పాలి. కాలిన ఇంజిన్‌పై చన్నీళ్లు గుమ్మరిస్తే హెడ్‌ పగులుతుంది.

మరునాడు ఉదయం ఇంజిన్‌ చల్లగా ఉన్నప్పుడు మూత తీసి స్టార్ట్‌ చేస్తే అసలు సంగతి బయటపడుతుంది. నీటిలో బుడగలు ఆగకుండా వస్తుంటే గాస్కెట్‌ పోయినట్లే. ఆయిల్‌ పాలు కలిపిన టీ రంగులోకి మారినా, పొగగొట్టం నుంచి తెల్లటి ఆవిరి ఆగకపోయినా అదే గుర్తు. ఆ స్థితిలో ఒక్క కిరాయికి కూడా వెళ్లరాదు.

దుమ్ము.. కనిపించని ఆకురాయి

మట్టి రోడ్లు, దున్నిన చేలు, కళ్లాల మధ్య తిరిగే బండి పీల్చే గాలిలో సన్నటి ఇసుక ఉంటుంది. అది పిస్టన్‌కు, సిలిండర్‌కు మధ్య చేరితే ఆకురాయిలా అరగదీస్తుంది. దీన్ని ఆపేది ఎయిర్‌ ఫిల్టర్‌ ఒక్కటే. రూ.400 నుంచి రూ.800 ఖరీదు చేసే ఈ ఫిల్టర్‌ను పంక్చర్‌ దుకాణంలో గాలి కొట్టించి నెలల తరబడి వాడుతున్నారు. అధిక ఒత్తిడి గాలికి కాగితంలో కంటికి కనిపించని చిల్లులు పడతాయి. శుభ్రం చేయాల్సి వస్తే లోపలి వైపు నుంచి బయటికి, తక్కువ ఒత్తిడితో, దూరం నుంచి కొట్టించాలి. రెండు మూడు సార్లకు మించి అలా వాడరాదు.

ఫిల్టర్‌ కొత్తదైనా దాని నుంచి టర్బోకు వెళ్లే రబ్బరు గొట్టం చిట్లితే ప్రయోజనం శూన్యం. దుమ్ము నేరుగా టర్బో రెక్కలకు, అక్కడి నుంచి సిలిండర్లకు చేరుతుంది. గొట్టం లోపల వేలితో తుడిస్తే మట్టి అంటుకుందంటే ఎక్కడో కారుతున్నట్లు లెక్క.

బోరు అరిగిందో లేదో తెలుసుకునే తేలిక పరీక్ష ఉంది. ఇంజిన్‌ వేడిగా తిరుగుతుండగా ఆయిల్‌ పోసే మూతను జాగ్రత్తగా తీసి చూడాలి. కొద్దిపాటి ఆవిరి సహజం. పొగ గుప్పుగుప్పుమని తన్నుకొస్తే పిస్టన్‌ రింగులు, బోరు అరిగినట్లు. నీలి రంగు పొగ, వెయ్యి కిలోమీటర్లకు లీటరుకు మించి ఆయిల్‌ తగ్గడం కూడా అందుకు సూచనలే. నల్ల పొగ వస్తే మాత్రం తొందరపడి ఇంజిన్‌ విప్పరాదు. మూసుకుపోయిన ఫిల్టర్‌, చిట్లిన టర్బో గొట్టం, పాడైన నాజిళ్లు కూడా దానికి కారణాలు కావచ్చు. చౌకైన వాటిని ముందు పరీక్షించాకే ఖరీదైన పనికి వెళ్లాలి.

డీజిల్‌లో నీరు

దున్నకాలు, కోతల సమయంలో డ్రమ్ములు, క్యాన్లలో డీజిల్‌ నిల్వ చేయడం పల్లెల్లో మామూలే. రాత్రి చలికి డ్రమ్ము గోడలపై చేరిన తేమ నీరై అడుగుకు దిగుతుంది. ఆ అడుగు డీజిల్‌ను ట్యాంకులో పోస్తే పంపు, నాజిళ్లు తుప్పు పడతాయి. పాత ఇంజిన్లలో నాజిల్‌ ఒక్కొక్కటి రూ.500 నుంచి రూ.900కు దొరుకుతుంది. పంపును విప్పి సరిచేయించడానికి రూ.4,000 నుంచి రూ.8,000 అవుతుంది. కామన్‌ రైల్‌ ఇంజిన్‌లో మాత్రం ఒక్కో ఇంజెక్టర్‌ మరమ్మతుకే రూ.3,000 నుంచి రూ.5,000, కొత్తదైతే రూ.9,000 నుంచి రూ.15,000 పెట్టాలి. నాలుగూ పోతే ఆ ఏడాది సంపాదనలో పెద్ద వాటా పోయినట్లే.

డీజిల్‌ ఫిల్టర్‌ కింద ఉండే చిన్న మరను వారానికోసారి విప్పి నీటిని వదలడం, డ్రమ్ము అడుగున నాలుగు వేళ్ల డీజిల్‌ను మిగిల్చి పైది మాత్రమే వాడటం, రూ.300 నుంచి రూ.600 విలువైన ఫిల్టర్‌ను గడువులోపు మార్చడం వల్ల ఈ ఖర్చు తప్పుతుంది.

అధిక బరువుకు మూల్యం

టన్నున్నర సామర్థ్యమున్న బండిలో రెండున్నర టన్నులు వేస్తే ఒక విడత కిరాయి మిగులుతుంది. ఆ మిగులును కమాన్‌ కట్టలు, క్లచ్‌, బ్రేకులు తిరిగి వసూలు చేసుకుంటాయి. ప్రధాన పట్టీ విరిగితే దానికి, కూలికి కలిపి రూ.2,000 నుంచి రూ.3,500 వరకు ఖర్చవుతుంది. విరిగిన పట్టీతో నడిపితే ఇరుసు పక్కకు జరిగి బండి ఒకవైపు లాగుతుంది, టైర్లు కోసుకుపోతాయి.

చాలామంది అదనపు పట్టీలు వేయించి సమస్య తీరిందనుకుంటారు. బరువు మాయం కాదు, చోటు మారుతుంది. కమాన్లు వంగకపోతే ఆ తాకిడి ఛాసిస్‌పై, వెనుక హౌసింగ్‌పై పడుతుంది. కమాన్‌ బ్రాకెట్ల దగ్గర, క్యాబిన్‌ వెనుక ఛాసిస్‌పై వెంట్రుకవాసి పగుళ్లు కనిపిస్తే ఆలస్యం చేయరాదు. పైపైన వెల్డింగ్‌ పెట్టించి సరిపెడితే పక్కనే మళ్లీ పగులుతుంది. యూ-బోల్టులను కొత్తగా బిగించిన తరువాత కొన్ని వందల కిలోమీటర్లు నడిపి మళ్లీ బిగించడం తప్పనిసరి.

దున్నిన చేలో నుంచి నిండు బరువుతో బండిని బయటికి లాగేటప్పుడు క్లచ్‌ను సగం తొక్కి ఉంచితే ప్లేటు కాలిపోతుంది. ఇంజిన్‌ గోల పెరిగినా వేగం పెరగకపోవడం, ఎత్తులో కాలిన వాసన రావడం దీని లక్షణాలు. ప్లేటు, ప్రెషర్‌ ప్లేటు, బేరింగ్‌ మూడింటినీ ఒకేసారి మార్చితే కూలితో రూ.6,500 నుంచి రూ.10,500 అవుతుంది. బేరింగ్‌ను వదిలేస్తే అది పోయినప్పుడు గేర్‌బాక్స్‌ దించే కూలి మళ్లీ చెల్లించాలి.

చట్టపరమైన భారం కూడా తక్కువేమీ కాదు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం అధిక బరువుకు రూ.20,000 జరిమానా, అదనపు టన్నుకు మరో రూ.2,000 విధించవచ్చు. ఒక్క జరిమానాతో ఎన్నో విడతల మిగులు తుడిచిపెట్టుకుపోతుంది.

బ్రేకులతో బేరం వద్దు

ఇతర లోపాలు డబ్బు అడుగుతాయి. బ్రేకు లోపం ప్రాణం అడుగుతుంది. వెనుక డ్రమ్ముల్లో దుమ్ము పేరుకుని లైనింగ్‌ అద్దంలా నునుపెక్కితే పట్టు తగ్గుతుంది. బ్రేక్‌ ఆయిల్‌ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. దిగువ దారిలో పదేపదే తొక్కినప్పుడు ఆ తేమ ఆవిరై పెడల్‌ ఒక్కసారిగా మెత్తబడుతుంది. అందుకే రెండేళ్లకోసారి ఆయిల్‌ మొత్తాన్ని మార్చాలి.

లైనింగ్‌ సెట్టు రూ.1,200 నుంచి రూ.2,000, చక్రాల సిలిండర్‌ ఒక్కొక్కటి రూ.400 నుంచి రూ.700, మాస్టర్‌ సిలిండర్‌ రూ.1,500 నుంచి రూ.2,500 మధ్య ఉంటాయి. పెడల్‌ను నొక్కి పట్టినప్పుడు అది నెమ్మదిగా కిందికి జారుతుంటే మాస్టర్‌ సిలిండర్‌ పోయినట్లు. టైరు లోపలి వైపు తడి మరక కనిపిస్తే చక్రం సిలిండర్‌ కారుతున్నట్లు. ఇలాంటి బండిలో కూలీలను ఎక్కించుకోవడం మరీ ప్రమాదకరం. సరకు రవాణా వాహనంలో మనుషులను తరలించడం చట్టవిరుద్ధం, ప్రమాదం జరిగితే బీమా పరిహారమూ చిక్కుల్లో పడుతుంది.

ఏ పనికి ఎంత?

మెకానిక్‌ కూలి, విడిభాగాల నాణ్యత, బండి రకాన్ని బట్టి ధరలు మారుతాయి. బేరానికి ముందు అంచనా కోసం మరికొన్ని సుమారు ఖర్చులు ఇలా ఉన్నాయి.

* ఇంజిన్‌ ఆయిల్‌, ఆయిల్‌ ఫిల్టర్‌ మార్పు: రూ.2,500 - రూ.3,500
* రేడియేటర్‌ లోపలి కోరు మార్పు: రూ.4,000 - రూ.6,000
* కొత్త రేడియేటర్‌: రూ.6,000 - రూ.9,000
* వాటర్‌ పంపు: రూ.1,800 - రూ.3,000
* టర్బో మరమ్మతు: రూ.8,000 - రూ.12,000
* కొత్త టర్బో: రూ.18,000 - రూ.25,000
* సెల్ఫ్‌ మోటారు, డైనమో మరమ్మతు: ఒక్కొక్కటి రూ.1,500 - రూ.3,500
* ప్రొపెల్లర్‌ షాఫ్టు క్రాస్‌: రూ.500 - రూ.900
* బ్యాటరీ: రూ.6,000 - రూ.8,000

విడిభాగాలపై జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. ఆ మేరకు ధర తగ్గిందో లేదో బిల్లు తీసుకుంటేనే తెలుస్తుంది. బిల్లు లేకుండా చౌకగా వచ్చే బేరింగ్‌లు, ఫిల్టర్లు, లైనింగ్‌లలో నకిలీలు ఎక్కువ. మార్చిన పాత భాగాన్ని షెడ్డు నుంచి అడిగి తీసుకోవడం, పని మొదలుపెట్టే ముందే మొత్తం అంచనాను కాగితంపై రాయించుకోవడం యజమానికి రక్ష.

బాగు చేయించాలా? అమ్మేయాలా?

పెద్ద ఖర్చు ఎదురైనప్పుడు ప్రతి యజమానినీ వేధించే ప్రశ్న ఇది. ఎనిమిది లక్షల రుణంతో కొత్త బండి తీసుకుంటే 11 శాతం వడ్డీపై 60 నెలలకు వాయిదా నెలకు సుమారు రూ.17,400 అవుతుంది. వాన లేని ఏడాదీ, ధర లేని ఏడాదీ ఆ వాయిదా ఆగదు. ఛాసిస్‌, గేర్‌బాక్స్‌, హౌసింగ్‌ గట్టిగా ఉన్న పాత బండికి రూ.70,000 పెట్టి ఇంజిన్‌ చేయించడం నాలుగు వాయిదాలతో సమానం. అలాంటప్పుడు మరమ్మతే మేలు. ఛాసిస్‌ పగిలి, క్యాబిన్‌ తుప్పు పట్టి, ఇంజిన్‌ కూడా పోయిన బండికి మాత్రం ఒకదాని తరువాత ఒకటి ఖర్చు పెట్టుకుంటూ పోవడం అడుగు లేని కుండలో నీళ్లు పోయడమే.

వయసుతో పెరిగే ప్రభుత్వ రుసుములను కూడా లెక్కలో చేర్చుకోవాలి. రవాణా వాహనాలకు ఎనిమిదేళ్ల వరకు రెండేళ్లకోసారి, ఆపై ఏటా సామర్థ్య ధ్రువపత్రం తీసుకోవాలి. పదిహేనేళ్లు దాటిన తేలికపాటి రవాణా వాహనానికి ఈ ధ్రువపత్రం రుసుమును 2022 ఏప్రిల్‌ 1 నుంచి రూ.7,500గా నిర్ణయించారు. ఆ తరువాత కూడా వయసును బట్టి రుసుములను సవరించినందున చెల్లించే ముందు రవాణా శాఖ కార్యాలయంలో సరిచూసుకోవాలి.

సరిహద్దు మండలం కావడంతో కర్ణాటక రిజిస్ట్రేషన్‌ బండ్లు తక్కువ ధరకు కనిపిస్తాయి. వాటిని కొనేవారు అక్కడి రవాణా శాఖ నుంచి నిరభ్యంతర పత్రం, ఫైనాన్స్‌ సంస్థ నుంచి రుణ విముక్తి పత్రం చేతికి అందాకే డబ్బు చెల్లించాలి. ఏడాదికి మించి ఇక్కడ ఉంచితే మళ్లీ రిజిస్ట్రేషన్‌ చేయించి, ఇక్కడి పన్ను కట్టాలి. పెండింగ్‌ చలానాలు, బీమా, ధ్రువపత్రం గడువులను ఆన్‌లైన్‌లో ముందే చూసుకోవచ్చు. బండిని చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్‌ చేసి చూడాలి. కొనేవారు వచ్చేసరికి ఇంజిన్‌ వేడిగా ఉందంటే స్టార్టింగ్‌ లోపాన్ని దాచి ఉండవచ్చని అనుమానించాల్సిందే.

ఉదయం పది నిమిషాలు

తాళం తిప్పే ముందు ఆయిల్‌ పుల్ల, కూలెంట్‌ మట్టం, ఫ్యాను బెల్టు, బ్రేక్‌ ఆయిల్‌, టైర్ల లోపలి అంచులు చూసుకోవాలి. బండి రాత్రి నిలిచిన చోట నేలపై మరక పడిందేమో గమనించాలి. నల్లనిదైతే ఇంజిన్‌ ఆయిల్‌, పచ్చ లేదా ఎరుపు రంగు నీరైతే కూలెంట్‌, చక్రం దగ్గర జిగటగా ఉంటే బ్రేక్‌ లేదా హౌసింగ్‌ ఆయిల్‌. వారానికోసారి డీజిల్‌ ఫిల్టర్‌లోని నీటిని వదలాలి. నెలకోసారి గ్రీజు కొట్టించి, రేడియేటర్‌ జాలీలో ఇరుక్కున్న పొట్టును ఇంజిన్‌ వైపు నుంచి ముందుకు నీళ్లు కొట్టి కడగాలి.

వీటిలో ఏదీ రూ.100కు మించిన పని కాదు. కోత రోజున నడిరోడ్డుపై బండి ఆగితే పోయేది మరమ్మతు ఖర్చు ఒక్కటే కాదు, లోపల ఉన్న పంట కూడా. పాత బండి యజమాని ముందుగా గుర్తుపెట్టుకోవాల్సిన లెక్క ఇదే.